నాలుగో తీగ

సెప్టెంబరు మూడో వారంలో హర్షిణి అడిగేదాకా ఆ నాదం పోయిందని శాంతకు తెలియదు.

“మిసెస్ కె, వేర్ ఈజ్ ద బీ?”

ఐదో తరగతి పిల్లలు ఇరవై నలుగురూ ఒళ్లో యుకలేలేలు పెట్టుకుని కూర్చున్నారు. హర్షిణి ముందు వరుసలో ఉంది. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతూ పెరిగిన పిల్ల. ఏదైనా అడిగిందంటే జవాబు వచ్చేదాకా చెయ్యి దించదు.

డిసెంబరు కచేరీకి తెస్తానంది శాంత.

“బట్ వి నీడ్ ఇట్ నౌ. వితౌట్ ద బీ, వి ఆల్ గో ఫ్లాట్.”

ఆ మాటా నిజమే. “సరే, రేపు,” అంది శాంత. హర్షిణి చెయ్యి దించింది.

హామిల్టన్‌లో అందరూ కొండ అని పిలిచే రాతి గట్టు కింద ఉంది ఆ బడి. శాంత అక్కడ ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతోంది. పిల్లలకు యుకలేలే అనే ఈ బుల్లి గిటార్ నేర్పడం ఈ దేశపు బళ్లలో పాత అలవాటు. చిన్న చేతులకు సరిపోతుంది. ఉన్నవి నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి, వేళ్లు కోసుకోవు. చిక్కల్లా దాని గొంతుతోనే. ఇరవై నాలుగు కలిసి మోగినా, కచేరీ జరిగే జిమ్‌లో మూడో వరుస దాటితే వినపడేవి తల్లిదండ్రుల దగ్గులే. శాంత భర్త కోదండరామ్ ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన ఏడాది, అంటే ఆరేళ్ల కిందట, మొదటిసారి ఆ కచేరీకి వచ్చాడు. కుర్చీ ఖాళీ ఉన్నా కూర్చోకుండా వెనక గోడకు ఆనుకుని నుంచుని విన్నాడు. ఇంటికి వచ్చాక అన్నాడు: “టీచరుగారూ, మీ పిల్లలు తలుపులేసుకుని వాయించారా ఏమిటి?”

ఆ వారమే ఒక పాత యుకలేలేను బేస్‌మెంట్‌లో బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. తీగలు ఆనే ఎముక పలక కింద సన్నని పికప్ పట్టీ దూర్చాడు. పక్క చెక్కకు కన్నం కోసి ప్రీయాంప్ పెట్టాడు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ బిగించాడు. లంచ్ బాక్స్ కంటే కాస్త పెద్దగా ఉండే, చప్పుడు పెంచే ఆంప్ ఒకటి తెచ్చాడు. మర్నాటి నుంచి నెలల తరబడి ఇంకా ఏవేవో మార్పులు చేశాడు గానీ, పేపర్లు దిద్దుకునే శాంత అవన్నీ పట్టించుకోలేదు. వసంతకాలపు కచేరీలో ఆయన పిల్లల వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పాట నడిచినంతసేపూ నాలుగు తీగల్నీ ఒకదాని తర్వాత ఒకటి, తొందర లేకుండా, మీటుతూ ఉన్నాడు. అంతే, ఇంకేమీ వాయించలేదు. ఆంప్ లోంచి వచ్చింది మామూలు యుకలేలే చప్పుడు కాదు. తీగ మీటిన తర్వాత అది జుమ్మని విచ్చుకునేది, తర్వాతి తీగ అందుకునేదాకా గాలిలో నిలబడి ఉండేది. పిల్లలు దాన్ని పట్టుకుని పాడారు. అంతవరకూ తలో దారిన పోయిన గొంతులు ఒక చోటికి వచ్చాయి. దానికి బీ, అంటే తేనెటీగ, అని పేరు పెట్టింది పిల్లలే. ఆయన బీ అంకుల్ అయ్యాడు.

ఈ మార్చిలో, మంచు పడి ఆగిన ఒక పొద్దున, కోదండరామ్ కాఫీ తాగుతూ కుర్చీలోనే పోయాడు. కప్పు కూడా ఒలకలేదు. బల్ల మీద పెట్టే ఉంది.

హర్షిణికి మాట ఇచ్చిన సాయంత్రం శాంత బేస్‌మెంట్‌లోకి దిగింది. యుకలేలేకు కేబుల్ తగిలించి, ఆంప్ వేసి, మొదటి తీగ మీటింది.

చప్పుడు వచ్చింది. శుభ్రంగా, పొట్టిగా వచ్చి, వచ్చినచోటే ఆగిపోయింది. ప్లాస్టిక్ పళ్లెం మీద చెంచా పడ్డట్టుంది. రెండో తీగా అంతే, మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. మీటలు అటూ ఇటూ తిప్పి చూసింది. పెద్దదైంది, చిన్నదైంది. బీ మాత్రం రాలేదు.

చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు ఆంప్ లోంచి సన్నగా ఒక మూలుగు మొదలైంది. కేబుల్ గుచ్చిన లోహపు రింగు మీద వేలు పెట్టగానే ఆగిపోయింది. వేలు తీసింది. మళ్లీ మొదలైంది. పెట్టింది. ఆగింది. అలా నాలుగుసార్లు చేసింది. ఐదోసారి చెయ్యకుండా ప్లగ్గు లాగేసి, లైటు ఆర్పి, పైకి వచ్చింది.

ఆ తర్వాత బీ ఆమెకు ఇతర చోట్ల వినపడసాగింది. గిన్నెలు కడుగుతుంటే వెనకనుంచి ఫ్రిజ్ అందుకునేది. స్టాఫ్ రూంలో ఫొటోకాపీ మిషన్ కాగితం కోసం ఆగినప్పుడు రెండు క్షణాలు అదే శ్రుతి. సరస్సు వైపు గాలి తిరిగిన రోజున ఉక్కు ఫ్యాక్టరీ చేసే ఎడతెగని హోరులో, అడుగున ఎక్కడో అదే. ప్రతిసారీ శాంత తల తిప్పేది. ఒకనాడు స్పెల్లింగ్ చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆపి కిటికీ వైపు తిరిగింది. బయట స్కూల్ బస్సు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. ఆమె మళ్లీ ఇటు తిరిగేసరికి ఇరవై నలుగురూ పెన్సిళ్లు ఎత్తిపట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

“అమ్మా, కొత్తది ఒకటి కొనుక్కోవచ్చు కదా,” అంది కూతురు విద్య, ఆదివారం సర్రీ నుంచి ఫోన్ చేసినప్పుడు. “పికప్ లోపలే పెట్టి అమ్ముతున్నారు. నేను ఆర్డర్ చేస్తాను.”

“వద్దు.”

“పాడైందన్నావుగా?”

“పాడవలేదు. పలకడం లేదు.”

“నాన్న ఉంటే నవ్వేవాడమ్మా,” అంది విద్య.

అక్టోబరులో శాంత దాన్ని డువార్టె దగ్గరికి తీసుకువెళ్లింది. ఆయన పోర్చుగల్ వాడు, డెబ్భై దాటిన మనిషి. ఊళ్లో ఒక లాండ్రీ పక్కన సన్నటి షాపులో గిటార్లు బాగు చేస్తాడు. యుకలేలేను చేతిలోకి తీసుకుని, మొదట దాన్ని వాసన చూశాడు. తర్వాత చిన్న అద్దం లోపలికి పంపి చూశాడు.

“ఎవరు చేశారిది?”

“మా ఆయన.”

“ఏం పని చేసేవారు?”

“ఉక్కు ఫ్యాక్టరీలో.”

డువార్టె నవ్వాడు. “ఉక్కు మనిషికి ఇది కష్టమైన పనే. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఉక్కు తీగలు ఉంటాయి, కింద అయస్కాంతం పెడితే చాలు, తీగ కదిలినట్టు దానికి తెలిసిపోతుంది. నైలాన్‌కు అయస్కాంతంతో పని లేదు. అందుకని ఇది.” ఎముక పలకను పైకి లాగి, దాని కింద అగ్గిపుల్లంత సన్నగా మెరుస్తున్న పట్టీని గోటితో చూపించాడు. “దీన్ని నొక్కితే రవ్వంత కరెంటు పుడుతుంది. తీగ వణికితే పలక వణుకుతుంది, పలక వణికితే ఇది నలుగుతుంది. నలిగినంత మేరకు పలుకుతుంది.”

“అయితే ఇది వినదన్నమాట.”

“వినడానికి దీనికి చెవెక్కడిది? గదిలో మీరు అరిచినా దీనికి పట్టదు. దాని మీద ఏది ఆని ఉందో అదే దానికి తెలుసు.” ఆయన పక్కన ఉన్న ప్రీయాంప్ మూత తీశాడు. “పట్టీ చెప్పేది ఒట్టి గుసగుస. ఆ గుసగుసను నేరుగా కేబుల్‌లోకి వదిలితే దారిలోనే సగం ఇంకిపోతుంది. ముందు అడుగు స్వరాలు పోతాయి, మిగిలింది రేకులా మోగుతుంది. అందుకే పుట్టిన చోటనే దీన్ని పెడతారు. గుసగుసకు నడిచే బలం ఇస్తుంది. పెద్దగా అరవడం తర్వాత ఆంప్ పని.”

బ్యాటరీ ఊడదీశాడు. దాని మీద నల్ల మార్కర్‌తో ఏదో రాసి ఉంది.

“ఇది ఏ భాష?”

“మాది,” అంది శాంత. “తారీఖు. ఫిబ్రవరి పదకొండు.”

ఆయన కొత్త బ్యాటరీ వేసి, పాతదాన్ని చెత్తబుట్ట వైపు చాపి, ఆమె ముఖం చూసి, ఆమె చేతిలో పెట్టాడు. అరగంట పరీక్షించాడు. పట్టీ బాగుంది, ప్రీయాంప్ బాగుంది, తీగలు బాగున్నాయి. “ఈ మధ్య ఎవరైనా ముట్టుకున్నారా?”

“జూన్‌లో నేను తుడిచి తీగలు మార్చాను. బడివాటితో పాటు.”

ఏటా సెలవులకు ముందు ఆమె చేసే పనే అది. ఇరవై నాలుగింటినీ వరసగా పెట్టుకుని, తీగలు విప్పి, తడిగుడ్డతో తుడిచి, కొత్త తీగలు వేస్తుంది. పిల్లలు తీగల కింద దూర్చినవన్నీ ఏరి పారేస్తుంది. చాక్లెట్ కాగితాలు, రబ్బరు బ్యాండ్లు, పీచులు, వెంట్రుకలు. ఈసారి ఇరవై ఐదోది కూడా ఆ వరసలోకి వచ్చింది. ఇరవై నాలుగు అయ్యాక చెయ్యి ఆగలేదు, అంతే.

“మీరు సరిగానే వేశారు,” అన్నాడు డువార్టె. “ఒక్క ఈ పలకే విచిత్రంగా ఉంది. మామూలుగా దీని అంచు కత్తిలా ఉండాలి. మీ ఆయన బల్లలా వెడల్పుగా అరగదీశారు. మంచిది వేసి ఇవ్వనా?”

“వద్దు. అది అలాగే ఉంచండి.”

“ఇంతకీ ముందు ఎలా మోగేదో చెప్పండి.”

శాంత నోరు తెరిచింది. వాన పడింది అని రాస్తే ఎలా పడింది అని అడిగి, సరైన మాట దొరికేదాకా పిల్లల్ని వదలని టీచరు ఆమె. కౌంటరు మీది చెక్క గీతల్ని చూస్తూ చాలాసేపు నుంచుంది.

“ఎవరో గదిలో ఉన్నట్టు ఉండేది,” అంది.

డువార్టె యుకలేలేను గుడ్డలో చుట్టి ఇచ్చాడు. మూలుగు కూడా వస్తోందని, ఎర్త్ వైరు టాకా ఊడితే మళ్లీ వేశానని, దానికి డబ్బు అక్కర్లేదని చెప్పాడు. “వేలు పెడితే ఆగిపోయేది కదూ? మీ ఒళ్లే వైరు పని చేసేది. ఇంక ఆ బాధ లేదు.”

ఆ సాయంత్రం ఆమె మళ్లీ తగిలించి చూసింది. లోహపు రింగు మీద వేలు పెట్టింది, తీసింది. పెట్టినా నిశ్శబ్దమే, తీసినా నిశ్శబ్దమే. పర్సులోంచి పాత బ్యాటరీ తీసింది. బ్యాటరీలో పస ఉందో లేదో కోదండరామ్ నాలిక చివర పెట్టి చూసేవాడు. చిన్నపిల్లలు చూస్తున్నారు, మానండని ఆమె కసిరేది. ఇప్పుడు చుట్టూ చూసి, నాలిక చివర పెట్టుకుంది.

ఇంకా కొంచెం చురుక్కుమంది.

నవంబరు మొదట్లో ఇంటి ఫోనులో ఒక మెసేజ్ వచ్చింది.

“ఏమయ్యా కోదండరామ్, నేను చాముండేశ్వరిని. ఎప్పుడో సంక్రాంతి ముందు ఇండియా వెళ్లినదాన్ని, కాలు విరిగి అక్కడే పడి ఉండి మొన్ననే వచ్చాను. శ్రుతి పెట్టె బాగు చేసి తెస్తానని పట్టుకుపోయావు, ఏ గంగలో కలిపావు? పెట్టె అయినా తే, నీ మొహమైనా చూపించు. పూర్ణాలు చేస్తేనే వస్తానంటే అదీ చెప్పు.”

శాంత రెండుసార్లు విన్నది. మిల్టన్‌లో ఒక పెద్దావిడ పిల్లలకు సంగీతం చెబుతుందని, శనివారాలు ఆయన బస్సెక్కి అక్కడికి వెళ్లేవాడని ఆమెకు తెలుసు. రమ్మని ఆయన పిలిచినప్పుడల్లా దిద్దాల్సిన పేపర్లు ఉండేవి. బేస్‌మెంట్ బల్ల కింద శ్రుతి పెట్టె దొరికింది. మీద అంటించిన టేపు ముక్క మీద ఆయన రాత: ‘చా. గారిది. అయింది.’

మిల్టన్‌కు కారులో నలభై నిమిషాలు. అన్నీ ఒకేలా ఉన్న కొత్త ఇళ్ల వరసలో నంబరు వెతుక్కుంటూ, చెప్పవలసిన వాక్యాన్ని ఆమె దారి పొడుగునా సరిచేసుకుంటూనే ఉంది. తలుపు తీసిన పెద్దావిడ చేతికర్ర మీద వాలి, ఆమె చేతిలో పెట్టెను, ఆమె వెనక వాకిలిని చూసింది.

“నువ్వు శాంతవు కదూ? రామ్మా, రా. అతనేడీ, కారు పార్క్ చేస్తున్నాడా?”

“మార్చిలో పోయారండీ.”

చాముండేశ్వరి తలుపు వదల్లేదు. చలిగాలి ఇంట్లోకి పోతున్నా అలాగే నుంచుంది. తర్వాత శాంత చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, సోఫాలో కూర్చోబెట్టి, పక్కన కూర్చుంది.

“ఫోనులో నానా మాటలూ అన్నాను.”

“విన్నానండీ.”

“నువ్వే విన్నావా!”

“పరవాలేదండీ. ఆయన పోయాక ఆయన్ని తిట్టినవాళ్లు మీరొక్కరే.”

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ తడిలోనే నవ్వింది. “తిట్టక? మనిషికి చెవి ఇచ్చిన దేవుడు గొంతు ఇవ్వలేదమ్మా. ఒక్కసారి పాడాడు, పక్కింటి కుక్క మొరిగింది. ఇంక పాడొద్దు నాయనా, విను అన్నాను. ఆ మూల కూర్చుని రెండు గంటలు వినేవాడు. ఏం వింటావయ్యా అంటే, ‘పాట కాదండీ, వెనకది’ అనేవాడు.”

గోడ గడియారం చూసి ఆవిడ లేచింది. “పిల్లలు వచ్చే వేళయింది. శ్రుతి చేసుకోవాలి. కూర్చో, వెళ్లకు. నీ మొగుడి పుణ్యమా అని పెట్టె లేక, మా అబ్బాయి చేత తంబురా దింపించాను. ఐదేళ్లయింది దీన్ని ముట్టి.”

తివాచీ మీద కాళ్లు చాపుకుని తంబురాను పక్కన నిలబెట్టుకుంది. ఒక తీగ మీటింది. చెక్క మీద కొట్టినట్టు పొట్టిగా, మొద్దుగా మోగి ఆగిపోయింది. శాంత తల ఎత్తింది. బేస్‌మెంట్‌లో రెండు నెలలుగా తను వింటున్న చప్పుడు అది.

చాముండేశ్వరి డబ్బాలోంచి నూలు దారం ముక్క తీసింది. తీగ ఆనే వెడల్పాటి పలక మీద, తీగ కింద ఆ దారాన్ని దూర్చి, రెండు కొసలూ పట్టుకుని, వెంట్రుక వాసి ముందుకు జరిపింది. మీటుతూ ఇంకొంచెం జరిపింది.

తీగ విచ్చుకుంది. జుమ్మని లేచి, గదిలో నాలుగు మూలలకూ పోయి, అక్కడే నిలబడింది.

శాంత తనకు తెలియకుండానే లేచి నుంచుంది.

“ఏమ్మా?”

“ఇప్పుడు మీరు పెట్టిందేమిటి?”

“దారం. ఎప్పుడూ చూళ్లేదూ? ఇది లేకపోతే తంబురా ఒట్టి దుంగ. అతనూ ఇలాగే లేచాడు, మొదటిసారి. మర్నాడు స్కేలు తెచ్చుకుని ఈ పలక వెడల్పు కొలుచుకుపోయాడు.”

శాంత తన కుడిచేతి వేళ్లను చూసుకుంది. జూన్ నెల. క్లాసులో ఎవరూ లేరు. ఇరవై ఐదో యుకలేలే. తీగలు వదులు చేయగానే పలక మీద నాలుగు తెల్లటి పోగులు కనిపించాయి, ఒక్కొక్కటీ అంగుళం ఉంటాయి. పిల్లలు ఏది పడితే అది దూరుస్తారు అనుకుంటూ బొటనవేలితో నలిపి ఉండచేసి, పెన్సిల్ తురుము ఉన్న బుట్టలో వేసింది. ఆ పోగుల తాలూకు రీలు కూడా ఆయన పనిముట్ల పెట్టెలో దొరికింది. తన కుట్టుసామాను నుంచి తీసుకున్నాడనుకుని తన డబ్బాలో వేసుకుంది. దానితో కోటు గుండీ కుట్టుకుంది. ఆ గుండీ ఇప్పుడు మెడ కింద ఉంది.

“నేనే తీసేశాను,” అంది. “చెత్త అనుకున్నాను.”

“ఏం కొంప మునిగింది? మళ్లీ వెయ్యి.”

“అది ఆయన వేసింది.”

“పిచ్చిదానా,” అంది చాముండేశ్వరి మెత్తగా. “ఒకసారి వేస్తే ఉండిపోతుందనుకున్నావా? మీటిన కొద్దీ జరుగుతుంది. వాన పట్టినా జరుగుతుంది, వేడి తగిలినా జరుగుతుంది. కూర్చున్న ప్రతిసారీ మళ్లీ వెతుక్కోవాల్సిందే. అతను నీకు చెప్పలేదూ?”

చెప్పలేదు. కానీ ఆమె చూసింది, ఆరేళ్లు. ప్రతి కచేరీ ముందూ ఆయన స్టూలు మీద కూర్చుని, తల వాల్చి, చెవి తీగల దగ్గర పెట్టి, ఏదో సవరిస్తూ ఉండేవాడు. పిల్లలు కదిలేవారు. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఎదురుచూసేవారు. ముందు నుంచున్న తను అందరికీ వినపడేలా, క్లాసు గొంతుతో, “ఇంకా ఎంతసేపండీ?” అనేది. ఆయన తల ఎత్తకుండా ఒక వేలు చూపించేవాడు.

అంటే తను వెతుకుతున్నది ఆ చెక్కలో ఎప్పుడూ నిలవ ఉండలేదు. ప్రతిసారీ అది పోతూనే ఉంది. ప్రతిసారీ ఆయన దాన్ని వెతికి తెస్తూనే ఉన్నాడు. తను మాత్రం గడియారం చూసుకుంటూ ఉంది.

పిల్లలు తలుపు కొట్టారు. శాంత బయల్దేరింది. చాముండేశ్వరి వాకిలి దాకా వచ్చి, “నాలుగో తీగ మొండిది,” అంది. “నాతోనూ అంతే. అతనికి మాత్రం లొంగేది.”

నెల రోజులు ప్రతి సాయంత్రం శాంత బేస్‌మెంట్‌లో కూర్చుంది. ఆయన రీలులోంచే దారం తుంచింది. ప్లగ్గు పెట్టకపోతే చెవికి ఏమీ తెలియదు. ప్లగ్గు పెట్టి, దారాన్ని కంటికి కనపడనంత జరిపినా ఆంప్ పట్టిచ్చేది. ఒకచోట దోమ, ఒకచోట చినిగిన కాగితం, ఒకచోట రేకు డబ్బా. పట్టీ మీద ఏది ఆని ఉందో అదే. వారానికి మొదటి తీగ విచ్చుకుంది. రెండో వారంలో రెండోది, మూడోది. అవి మోగినప్పుడు వెనక గోడ వైపు చూడకుండా ఉండటం ఆమె అలవాటు చేసుకుంది. నాలుగోది చెంచాలాగే మిగిలింది. ఎంత జరిపినా అంతే. ఒక్కోరోజు దాని ఒక్కదానితోనే గంట గడిచేది. పై అంతస్తులో ఫ్రిజ్ ఆ శ్రుతే పట్టుకుని, ఇదీ ఇలా అని చెబుతున్నట్టు మోగి, ఆగిపోయేది.

డిసెంబరు రెండో గురువారం, మధ్యాహ్నం రెండింటికి కచేరీ. జిమ్ తలుపుల దగ్గర మంచు బూట్ల గుట్ట. ఈసారి పిల్లల ముందు నుంచుని నడిపించే పని హర్షిణికి ఇచ్చింది శాంత. ముగింపుకు తను తల ఊపుతుంది. అది చూసి హర్షిణి చెయ్యి దించాలి. శాంత పిల్లల వెనక ఆయన స్టూలు మీద కూర్చుంది.

కారులో వచ్చిన చలికి దారాలన్నీ జరిగిపోయాయి. ఆంప్ సన్నగా పెట్టుకుని, తల వాల్చి, చెవి తీగల దగ్గరికి తెచ్చి, మొదటి తీగతో మొదలుపెట్టింది. అది దొరికింది. రెండోది దొరికింది. హాల్లో కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది. మూడోది దొరికీ దొరకనట్టుగా ఉండి, దొరికింది. నాలుగోది రాలేదు. జరిపింది. రాలేదు. వేళ్లు తడిసిపోయాయి. కోటుకు తుడుచుకుని మళ్లీ జరిపింది.

“మిసెస్ కె,” అంది హర్షిణి ముందు నుంచి, హాలంతా వినపడేలా. “హౌ మచ్ లాంగర్?”

శాంత తల ఎత్తకుండా ఒక వేలు చూపించింది.

చూపించాక, గాలిలో ఉన్న ఆ వేలిని తనే చూసుకుంది. మెల్లగా దించింది. నాలుగో తీగను అలాగే వదిలేసి, ఆంప్ పెంచి, హర్షిణికి సైగ చేసింది.

పిల్లలు మొదలుపెట్టారు. శాంత మీటసాగింది. జుమ్, జుమ్, జుమ్, టక్. మూడడుగులు వేసి నాలుగో అడుగు కుంటుతున్న మనిషిలా ఉంది. పిల్లలకు అది చాలు. మూడు తీగల ఆసరాతోనే ఇరవై నాలుగు చిన్న గొంతులు ఒక దారిలో పడ్డాయి. పాట మొదటి చరణం అయింది. రెండోది అయింది. జుమ్, జుమ్, జుమ్, టక్.

మూడో చరణంలో నాలుగో తీగ విచ్చుకుంది.

ఆమె దాన్ని సవరించలేదు. ఎడమచెయ్యి మోకాలి మీదే ఉంది. మీటిన కొద్దీ దారం జరుగుతుందని పెద్దావిడ చెప్పింది. అది జరిగి ఉంటుంది. జుమ్మని లేచి, మిగిలిన మూడింటి మధ్యకు వచ్చి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు నిలబడింది. ముందు వరుసలో ఇద్దరు పిల్లలు వాయిస్తూనే వెనక్కి తిరిగి చూశారు. హర్షిణి కళ్లు పెద్దవి చేసింది.

పాట చివరికి వచ్చింది. హర్షిణి చెయ్యి పైకెత్తి, శాంత తల ఊపు కోసం చూసింది. శాంత ఊపలేదు. మీటుతోంది. హర్షిణి ఒక్క క్షణం తటపటాయించి, చెయ్యి దించకుండానే, పాటను మొదటినుంచి అందుకుంది. పిల్లలు వెంట వచ్చారు. రెండోసారి చివరికి వచ్చింది. హర్షిణి మళ్లీ చూసింది. మళ్లీ మొదలుపెట్టింది. తల్లిదండ్రులు కార్యక్రమం ఇంతేనేమో అనుకున్నారు. ఒకరిద్దరు సన్నగా పాడటం మొదలుపెట్టారు. జిమ్ వెనక గోడ ఆ చివర ఉంది. కుర్చీలు దొరకనివాళ్లు దానికి ఆనుకుని నుంచుని ఉన్నారు. శాంత అటు చూడలేదు. నాదం ఎక్కడ తగ్గుతుందో వినాలంటే తల వాల్చుకునే ఉండాలి.

పిల్లల వేళ్లు నొప్పి పుడుతున్నాయి. ఒకడు వాయించడం ఆపి చెయ్యి విదిలించుకుంటున్నాడు. హర్షిణి మోచెయ్యి వణుకుతోంది. అయినా చెయ్యి దించలేదు. జవాబు వచ్చేదాకా దించే పిల్ల కాదు.

మూడోసారి పాట చివరికి వచ్చినప్పుడు శాంత తల ఎత్తి, ఆ పిల్లను చూసి, ఊపింది.

చెయ్యి దిగింది. పిల్లలంతా ఆగారు. చివరిగా మీటిన నాలుగో తీగ ఒక్కటే మిగిలింది. అందుకోవడానికి ఇంకో తీగ మోగలేదు. అది గాలిలో ఒంటరిగా నిలబడి, సన్నబడి, ఇంకా సన్నబడి, హాలంతా ఊపిరి బిగబట్టి వింటుండగా, ఇక వినపడకుండా పోయింది.

అప్పుడు శాంత ప్లగ్గు లాగింది.